నాలుగో వేలు

పెన్సిల్ చెక్కడంలో టీచరమ్మకి ఒక పట్టింపు ఉంది. ముల్లు మరీ పొడుగ్గా ఉండకూడదు, అలాగని మొద్దుగానూ ఉండకూడదు. పొడుగైతే మొదటి నొక్కుకే విరిగిపోతుంది. మొద్దుదైతే పుస్తకంలో స్వరాల మీద వేసే వేలి అంకె లావుగా పడి, అది మూడో ఎనిమిదో తెలియట్లేదని పిల్లలు ఏడుపు మొహం పెడతారు. చేతికి ఎనిమిదో వేలు ఉండదని వాళ్ళకీ తెలుసు, కానీ పాఠం తప్పించుకోవడానికి ఏదో ఒక వంక కావాలిగా! అందుకని రోజూ పొద్దున్నే పియానో మెట్లు తడిగుడ్డతో తుడిచాక, కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో పాత కాగితం పరుచుకుని, రేకు డబ్బాలోని పెన్సిళ్ళన్నీ ఒక్కొక్కటే తీసి చెక్కుతుంది.

ఇవాళ చెక్కినవే మళ్ళీ చెక్కుతోంది.

"అక్కా, ఆ పెన్సిళ్ళు నీకేం ద్రోహం చేశాయి?" కుట్టుమిషను దగ్గర నుంచి చెల్లెలు అడిగింది. "ఇంకాసేపుంటే పొట్టు తప్ప పెన్సిల్ మిగలదు."

"చేతులు ఊరుకోవట్లేదే."

"ఊరుకోవట్లేదా, వణుకుతున్నాయా? వాయించేది నువ్వు కాదు తల్లీ, పిచ్చుక. ఆ పిల్ల ఈపాటికి శుభ్రంగా తిని, జడ వేసుకుని కూర్చునుంటుంది. నువ్వే గొంతులోకి ముద్ద దిగక చస్తున్నావు."

టీచరమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి మాటలూ చెల్లెలే మాట్లాడుతుంది. టీచరమ్మ డబ్బా అడుగు నుంచి అన్నిటికన్నా పొట్టిది, ఎర్రరంగు వెలిసిపోయింది తీసింది. దాని వెనక కొస నిండా పంటిగాట్లు. దాన్ని మాత్రం ఎక్కువ చెక్కకుండా, ముల్లు మీద బ్లేడు ఒక్కసారి తాకించి మళ్ళీ డబ్బాలో పెట్టింది.

ఆ గాట్లు పిచ్చుకవి. పిచ్చుక అంటే అసలు పేరు కాదు, బెంచీ మీద కూర్చోబెడితే నేలకీ కాళ్ళకీ జానెడు ఎడం ఉండే వయసులో వచ్చింది గనక చెల్లెలు అలా పిలిచింది, అదే నిలిచిపోయింది. ఆ పిల్ల కాళ్ళు గాల్లో వేలాడకుండా టీచరమ్మ వడ్రంగి చేత ఒక చిన్న పీట చేయించింది. పిచ్చుక పీట మీద కాళ్ళు ఆనించి, పెన్సిల్ వెనక కొరుకుతూ, అర్థంకాని ప్రతి చోటా "ఎందుకు?" అని అడిగేది. ఇప్పుడా పిల్లకి పదహారేళ్ళు, టీచరమ్మ కన్నా బెత్తెడు పొడుగు. కొరికే అలవాటు మాత్రం పోలేదు.

నిజానికి టీచరమ్మ దగ్గర ఇన్నేళ్ళున్న శిష్యులు వేరే లేరు. ఆవిడ పని మొదలుపెట్టడం. బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు, ఎడమచెయ్యి కుడిచెయ్యితో పోట్లాడకుండా ఎలా నడవాలి, ఇవన్నీ ఆవిడ నేర్పుతుంది. చెయ్యి కాస్త తిరగ్గానే తల్లిదండ్రులు వచ్చి, "మీ మేలు మరిచిపోం" అని చెప్పి, పిల్లల్ని పేరున్న మాస్టర్ల దగ్గరికి మారుస్తారు. నారు పోసేది ఈవిడ, కోత కోసేది వేరొకరు. ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. పిచ్చుక వాళ్ళమ్మ కూడా ఒకసారి మారుద్దామని చూసింది గానీ, ఆ పిల్ల పియానో కాలు కౌగిలించుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆ రోజు నుంచి ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇవాళ ఎత్తక తప్పదు. సంగీత కళాశాల హాల్లో మాస్టర్ క్లాస్ ఉంది. ఊరూరా కచేరీలు చేసిన ఒక పెద్దాయన వస్తున్నాడు. ఏరిన పిల్లలు ఒక్కొక్కరే వేదిక మీద వాయిస్తే, ఆయన అందరి ముందూ తప్పులు దిద్దుతాడు. చివర్లో వాళ్ళలో ఒక్కరిని దూరాన ఉన్న తన స్కూలుకి తీసుకెళతాడు. అక్కడ చేరిన పిల్లలే పెద్ద పెద్ద పోటీల మెట్లెక్కుతారు. పిచ్చుక ఆ ఒక్కరు కావాలని టీచరమ్మ కోరిక. కాకపోతే బాగుండునని కూడా నిన్న పడుకోబోయే ముందు ఒక్క క్షణం అనుకుంది. అనుకుని, తనంటే తనకే సిగ్గేసి దుప్పటి ముసుగు కప్పేసుకుంది.

హాలుకి చేరేసరికి సన్నగా తుంపర. చెల్లెలు గొడుగు విదిలిస్తుంటే టీచరమ్మ పక్కదారిన వేదిక వెనక గదిలోకి వెళ్ళింది. పిచ్చుక కుర్చీ అంచున కూర్చుని రెండు చేతులూ చంకల్లో దాచుకునుంది.

"మంచుముక్కల్లా ఉన్నాయి టీచరమ్మా."

"ఇటివ్వు."

టీచరమ్మ ఆ చేతుల్ని తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ఆవిడ చేతులు పొట్టివి, అరచేతులు వెడల్పు, గోళ్ళు మొదలంటా కత్తిరించినవి. కుడిచేతి ఉంగరపు వేలు మధ్య కణుపు దగ్గర కాస్త వంగి, తెల్లటి మచ్చతో ఉంటుంది. ఆ వేలు మడత పడుతుంది గానీ, దానంతట అది పైకి లేవదు. పిచ్చుక వయసులో ఉండగా ఇనప బీరువా తలుపులో నలిగింది. అప్పటికి ఆవిడ కూడా ఏదో పోటీకి పేరిచ్చుకునుంది. వేలికి కట్టు విప్పాక పోటీ మాట ఇంట్లో ఎవరూ అనలేదు, ఆవిడా అనలేదు. కొన్నాళ్ళకి పక్కింటి పాపకి పాఠం చెప్పమంటే చెప్పింది. అలా అలా ఇదే బతుకైంది.

"తప్పు వాయిస్తే?" అంది పిచ్చుక.

"వాయిస్తే వాయించావులే. అయిదు వేళ్ళూ ఒక్కలా ఉంటాయా? నీకంటే ముందు నేను తప్పులు వాయించాను, ఆయనా వాయించే ఉంటాడు. వింటూ వాయించు. అంతే."

హాల్లో వెనక వరసలో చెల్లెలు రెండు కుర్చీలు పట్టి ఉంచింది. వేదిక మీద నల్లటి పెద్ద పియానోలు రెండు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి పిల్లలకి, ఒకటి ఆయనకి. పెద్దాయన సన్నగా, పొడుగ్గా, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని ఉన్నాడు. ముక్కు మీద కోపం గల మనిషే గానీ, కోపం వచ్చినప్పుడల్లా దాన్ని వేళాకోళంగా మార్చుకుని జనాన్ని నవ్విస్తాడు. హాలంతా ఆయన చేతిలో ఉంది.

ముందుగా ఒక కుర్రాడు వాయించాడు. టీచరమ్మకి వాణ్ణి చూస్తే ముచ్చటేసింది. మీసకట్టు వచ్చేసింది గానీ, భుజం ఎగరేసే అలవాటు అలాగే ఉంది. చిన్నప్పుడు ఆవిడ దగ్గరే మొదలుపెట్టి, తర్వాత వేరేచోటికి వెళ్ళాడు. పెద్దాయన వాడి కుడిచేతిని పట్టి చూసి, ఏదో గొణిగి, వేళ్ళ అభ్యాసం ఒకటి చెప్పి పంపేశాడు.

తర్వాత పిచ్చుక వచ్చింది. బెంచీ ఎత్తు సరిచేసుకుంది, ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది, మొదలుపెట్టింది.

అది నెమ్మదిగా నడిచే పాట. కుడిచేతి చివరి వేళ్ళ మీద ఒకే రాగం సన్నటి దారంలా సాగాలి, కింద మిగతా వేళ్ళు దానికి అడ్డు రాకూడదు. పిచ్చుక చేతుల్లో ఆ దారం తెగలేదు. హాల్లో దగ్గులు ఆగిపోయాయి. చెల్లెలు కూడా నోరు మూసుకుంది, అది చిన్న సంగతి కాదు. టీచరమ్మకి ఎదర కుర్చీ వీపు మసకబారింది. వస్తుంది, ఈ పిల్లకే వస్తుంది అనుకుంది. కడుపు నిండిపోయింది.

నెమ్మది భాగం అయిపోయి వేగం అందుకుంది. స్వరాలు గబగబా పైకి పరిగెత్తాలి. అక్కడ రెండుచోట్ల చిన్న తొట్రుపాటు.

"ఆగు," అన్నాడు పెద్దాయన. "అది మళ్ళీ వాయించు. మెల్లగా."

వాయించింది. ఆయన వంగి వేళ్ళ వంకే చూశాడు.

"ఇక్కడ మూడో వేలెందుకు? మూడయ్యాక నాలుగు రావాలి. నువ్వు మూడుతో గెంతి మళ్ళీ మూడే వేస్తున్నావు. నాలుగో వేలు ఉందా, ఇంట్లో మరిచిపోయి వచ్చావా?"

జనం నవ్వారు.

"ఇందాక ఆ కుర్రాడూ ఇదే పని చేశాడు. ఇద్దరూ ఒకే తానులో ముక్కలు. ఏమండీ, ఈ ఊళ్ళో నాలుగో వేళ్ళన్నీ ఎవరికైనా అద్దెకిచ్చేశారా?"

ఈసారి హాలు గొల్లుమంది. టీచరమ్మ కూడా అలవాటుగా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఇందాకటి కుర్రాడు. పిచ్చుక. ఇద్దరికీ పోలిక ఏమిటి? ఇద్దరూ మొదలుపెట్టింది ఒక్కచోటే.

ఆవిడ ఒళ్ళో ఉన్న తన కుడిచేతి వంక చూసుకుంది.

పుస్తకంలో నాలుగని అచ్చువేసి ఉన్నచోట దాన్ని సిరాతో కొట్టేసి పక్కన పెన్సిల్‌తో మూడని వెయ్యడం ఆవిడ అలవాటు. "ఇలా అయితే సులువమ్మా," అని పిల్లలకి చెప్పేది. నిజంగానే సులువని నమ్మింది. ఎందుకు సులువో, ఎవరికి సులువో ఏనాడూ ఆలోచించలేదు. అలా వాయిస్తూ వాయిస్తూ, తనకొక వేలు లేవదన్న సంగతే మరిచిపోయింది. పిల్లలు పుస్తకం చూడరు, టీచరమ్మ చెయ్యి చూస్తారు. ఆ చెయ్యి ఎలా నడిస్తే వాళ్ళ చేతులూ అలాగే నడుస్తాయి. ఆవిడ దగ్గర మొదలుపెట్టిన పిల్లలంతా, లక్షణంగా అయిదు వేళ్ళూ ఉన్న పిల్లలంతా, ఆ బీరువా తలుపులో ఒక్కో వేలు పెట్టి వచ్చారు. ఆవిడ చేతిరుమాలు తీసి ఆ వేలి మీద కప్పేసుకుంది.

"చెప్పమ్మా, ఎవరు నేర్పారిలా?" పెద్దాయన అడుగుతున్నాడు.

పిచ్చుక తల తిప్పి హాలు వెనక్కి చూసింది. ఒక్క రెప్పపాటు టీచరమ్మ కళ్ళల్లోకి చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. ఆ పిల్లకి ఎప్పుడో తెలుసు.

"ఎవరూ కాదండి. టీచరమ్మ నాలుగే వెయ్యమనేవారు. నేనే బద్ధకంతో ఇలా అలవాటు చేసుకున్నాను."

"బద్ధకమా?" ఆయన మొహంలో నవ్వు పోయింది. "తప్పుంటే దిద్దుతాను. బద్ధకాన్ని నేను దిద్దలేనమ్మాయ్. వెళ్ళి కూర్చో."

పిచ్చుక పుస్తకం మూసింది. టీచరమ్మ లేచి నిలబడింది.

"కూర్చో అక్కా," అని చెల్లెలు చెయ్యి పట్టి లాగింది. "పిల్ల నిన్ను కాస్తుంటే నువ్వెందుకు బయటపడతావు?"

టీచరమ్మ చెయ్యి విడిపించుకుంది. అంతమంది మధ్య ఆవిడ ఏనాడూ గొంతెత్తింది లేదు. ఇవాళ ఎత్తింది.

"అయ్యా, అది ఆ పిల్ల బద్ధకం కాదండి. అబద్ధం చెబుతోంది. అది... అది నా వేలండి."

అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ రుమాలు తీసేసి, కుడిచెయ్యి గాల్లో పెట్టి చూపించింది. నాలుగు వేళ్ళు నిటారుగా లేచాయి, ఒకటి వంగే ఉండిపోయింది.

పెద్దాయన వేదిక దిగి కుర్చీల మధ్య నుంచి నడిచొచ్చాడు. ఆవిడ చేతిని అందుకుని, ఆ వేలిని మెల్లగా పైకెత్తి వదిలాడు. అది మళ్ళీ వాలిపోయింది.

"ఎప్పుడిది?"

"చిన్నతనంలోనండి. బీరువా తలుపు పడింది."

"ఇది పిల్లలకి సంక్రమిస్తోందని మీకు తెలియలేదా?"

"తెలియలేదండి. సులువని చెప్పేదాన్ని. నాకు సులువైంది వాళ్ళకీ సులువే అనుకున్నాను." ఆవిడ ఆయన చేతిలో ఉన్న తన వేలి వంక చూసింది. "ఇప్పుడే తెలిసింది. మీరు నవ్వినప్పుడు."

ఆయన ఏమీ ఓదార్చలేదు. చెయ్యి వదిలి, వచ్చిన దారినే వేదిక ఎక్కాడు. పిచ్చుక ఇంకా మూసిన పుస్తకం పట్టుకుని నిలబడే ఉంది.

"ఎందుకు అబద్ధం చెప్పావు?"

"మీరు నవ్విస్తున్నారు కదండీ. నన్ను చూసి నవ్వితే ఫర్వాలేదనుకున్నాను."

ఆయన మడిచిన చొక్కా చేతుల్ని విప్పి, మళ్ళీ మడుచుకున్నాడు.

"కూర్చో. ఆ నెమ్మది భాగం మళ్ళీ వాయించు."

పిచ్చుక వాయించింది. ఆయన ఈసారి వేళ్ళు చూడలేదు, కళ్ళు మూసుకున్నాడు. అయిపోయాక అలాగే కళ్ళు మూసుకుని అన్నాడు:

"మామూలుగా ఇక్కడ రెండు వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నడిచి స్వరాన్ని కలుపుతాయి. నువ్వు ఒక్క వేలితో గెంతుతున్నావు. గెంతితే తెగాలి. తెగకుండా నువ్వు చెవితో అతుకు వేశావు. ఆ అతుకు ఇందాక నా కంటికి కనబడింది గానీ, చెవికి వినబడట్లేదు." ఆయన కళ్ళు తెరిచి వెనక వరస వైపు చూశాడు. "నాలుగో వేలు నేను నేర్పుతానండి. ఏడాది పడుతుంది. ఇలా వినడం మాత్రం ఎవరికీ నేర్పలేకపోయాను. ఈ పిల్లని నాకివ్వండి."

చెల్లెలు టీచరమ్మ తొడ మీద గట్టిగా గిల్లింది.

"ఒక షరతు," అన్నాడాయన. "ఈ ఏడాదీ అమ్మాయి మీ దగ్గర కూర్చోకూడదు. సెలవులకి ఇంటికొచ్చినా సరే. మీ చెయ్యి చూస్తే తన చెయ్యి మళ్ళీ అటే పోతుంది. మీకు కష్టంగా ఉంటే ఇప్పుడే చెప్పండి."

పిచ్చుక నోరు తెరవబోయింది. దానికంటే ముందే టీచరమ్మ అంది: "రానివ్వనండి. నేనే రానివ్వను."

ఆయన బృందం మర్నాడు తెల్లారే బయల్దేరుతోంది. వాళ్ళతోనే పంపేస్తానని పిచ్చుక వాళ్ళమ్మ ఒప్పుకుంది. ఎండ వాలుతుండగా పిచ్చుక ఒక్కతే టీచరమ్మ ఇంటికొచ్చింది. చెల్లెలు మిషను ఆపి, "ఏం పిచ్చుకా, రెక్కలొచ్చాయా?" అని పరాచికమాడి, జవాబు వినకుండానే టీ పెడతానంటూ లోపలికెళ్ళిపోయింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?" టీచరమ్మ అడిగింది.

"చాన్నాళ్ళయింది. నా పుస్తకాల్లోనే ఇన్ని మూళ్ళేంటా అని ఒకసారి చూశాను. తర్వాత మీ వేలు చూశాను."

"చెప్పొద్దూ మరి? ప్రతిదానికీ ఎందుకు ఎందుకని ప్రాణం తీసేదానివి, ఇదొక్కటీ అడగలేదేం?"

"అడిగితే మీరు నన్ను వేరే మాస్టరు దగ్గరికి పంపేస్తారు." పిచ్చుక ముక్కు ఎగబీల్చుకుంది. "ఇప్పుడు పంపేస్తున్నారుగా."

టీచరమ్మ ఆ పిల్ల తల నిమిరింది. నిమరడానికి చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది.

"నా మూలంగా నీకు ఏడాది వెనకబాటు."

"మీ మూలంగానే వెళ్తున్నాను."

కిటికీలోంచి వచ్చిన వెలుతురు పియానో మూత మీది గీతల మీద పడింది. పిచ్చుక బెంచీ మీద కూర్చుంది. కాళ్ళకి పీట తగిలితే దాన్ని మడమతో పక్కకి జరిపింది.

"ఆయన షరతు రేపటి నుంచి కదా టీచరమ్మా. ఇవాళ్టికి మాత్రం పాతలాగే వాయిస్తాను."

ఆ నెమ్మది పాటే వాయించింది. మూడు తర్వాత మూడు, గెంతిన ప్రతిచోటా అతుకు వేసుకుంటూ. టీచరమ్మ ఎప్పటిలా పక్కన కుడివైపు కూర్చుని, ఎప్పటిలా పేజీ తిప్పింది. ఏడవలేదు. ఏడిస్తే వినబడదని ఏడవలేదు. పాట అయ్యాక పిచ్చుక పుస్తకం సంచిలో పెట్టుకుంటుంటే, రేకు డబ్బాలోంచి ఆ పొట్టి ఎర్ర పెన్సిల్ తీసి ఇచ్చింది.

"నీదే. తీసుకెళ్ళు."

పిచ్చుక దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది, పంటిగాట్లు తడిమింది, నవ్వింది.

"వద్దులెండి. తీసుకెళితే అక్కడా కొరుకుతాను, పెద్దాయన మీ టీచరు ఇది కూడా నేర్పిందా అంటాడు." దాన్ని పియానో మీద, పుస్తకం ఆనించే పలక అంచున పెట్టింది. "దీన్ని ఇక్కడే ఉండనివ్వండి."

వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. గేటు గడియ పడిన చప్పుడు మాత్రం వినబడింది. చెల్లెలు రెండు కప్పుల టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "వెళ్ళిపోయిందా?" అంది. అని, ఒకటి తను తాగి, రెండోది కూడా తనే తాగేసింది.

ఆ తర్వాత బోసిపిల్ల పాఠానికి వచ్చింది. ముందుపళ్ళు రెండూ ఊడిన ఆరేళ్ళ పిల్ల. వచ్చి నెల కూడా కాలేదు. టీచరమ్మ పీటని మళ్ళీ బెంచీ కిందకి లాగి, ఆ పిల్ల కాళ్ళు దాని మీద పెట్టింది. పుస్తకం తెరిచింది. పేజీలో అక్కడక్కడా నాలుగులు కొట్టేసి, పక్కన తన చేతిరాతతో మూళ్ళు. ఆవిడ రబ్బరు తీసుకుని ఒక్కొక్కటే చెరపసాగింది.

"ఎందుకు చెరిపేస్తున్నారు?" అంది బోసిపిల్ల.

"తప్పు వేశానమ్మా."

"మీరు కూడా తప్పు వేస్తారా?"

"వేస్తాను. కనబడితే నాకు చెప్పాలి నువ్వు. దాచుకోకూడదు. సరేనా?"

చెరిపిన చోటల్లా పలక అంచున ఉన్న పొట్టి పెన్సిల్ తీసుకుని నాలుగు వేసింది. అంకెలు సన్నగా, స్పష్టంగా పడ్డాయి. పెన్సిల్‌ని మళ్ళీ అక్కడే పెట్టింది.

"ఏదీ, నాలుగో వేలు ఎలా వెయ్యాలో వాయించి చూపించండి."

"నేను చూపించలేను తల్లీ. నా వేలు లేవదు, చూడు." టీచరమ్మ తన చెయ్యి ఆ పిల్ల ముందు పెట్టింది. దాచకుండా చూపించడం ఒక్కరోజులో ఇది రెండోసారి. "నా చెయ్యి చూడకు. నువ్వే వేసి నాకు చూపించు."

బోసిపిల్ల నాలుక బయటపెట్టి, ఒళ్ళంతా బిగబట్టి, ఉంగరపు వేలిని పైకెత్తింది. అది వణికింది, అటూ ఇటూ ఊగింది, చివరికి మెట్టు మీద పడింది. చిన్న స్వరం ఒకటి పలికింది. టీచరమ్మ అది పూర్తిగా ఆగిపోయేదాకా విని, "ఇంకోసారి," అంది.

పలక అంచున ఆ ఎర్ర పెన్సిల్ అలాగే ఉంది, వెనక కొసన పిచ్చుక పాలపళ్ళ గాట్లతో.